అన్నం తిన్న మిస్డ్ కాల్

"ఒంటిగంట దాటింది. వీడింకా అన్నం తిన్నాడో లేదో."

భూలక్ష్మి ఈ మాట ఎవరితోనూ అనలేదు. చెవులకున్న హెడ్‌ఫోను కాస్త పక్కకి జరిపి, ఎదురుగా ఉన్న టెలిఫోన్ స్విచ్‌బోర్డుతో అన్నట్టు అంది. పక్క కుర్చీలో కంప్యూటర్ ముందు కూర్చున్న సుష్మితకి మాత్రం వినపడి నవ్వొచ్చింది.

"రోజు గీ టైముకి గిదే మాట అంటరు ఆంటీ. ఇరవై మూడేండ్లు మీ కేదార్‌కి. ఆకలైతే తినడా?"

"ఆకలైతే తింటాడమ్మా. ఆకలైందని వాడికి తెలియాలి కదా. పనిలో దిగాడంటే వాడికి ఒళ్ళు తెలీదు."

పంజగుట్టలో మూడో అంతస్తు మీదున్న ఆ లిఫ్టుల కంపెనీలో పోయిన వారం ఏం జరిగిందో ఒకసారి తలుచుకుందాం. ఊరంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, అపార్ట్‌మెంటుకో లిఫ్టు, లిఫ్టుకో రోగం. పద్నాలుగు మంది మెకానిక్కులు పొద్దున్నే సంచులు తగిలించుకుని బయల్దేరితే, ఎవరు ఎక్కడున్నారో, ఎవరి పని ఎంతదాకా వచ్చిందో పదహారేళ్ళుగా భూలక్ష్మి చెవిలోంచే ఆఫీసుకి తెలిసేది. పదో తరగతి తప్పి, తణుకు పక్కనుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చి, భర్త పోయాక ఈ కుర్చీలో కూర్చుంది. ఆ చెవి ఇక అక్కర్లేదని కొత్త మేనేజరు కృష్ణమోహన్ పోయిన వారం అందరినీ నిలబెట్టి చెప్పాడు. మెకానిక్కులందరికీ సెల్‌ఫోన్లు ఇచ్చాం, ఇకమీదట ఎవరూ ఫోన్ చేసి మాట్లాడక్కర్లేదు, ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలన్నాడు. పని చోటికి చేరగానే ఒకటి, పని అయిపోగానే ఇంకొకటి. ఏ నంబరు నుంచి రింగు వచ్చిందో కంప్యూటరే చూసుకుంటుంది. మొదటి రింగుకి తెరమీద ఆ మెకానిక్ పేరు ఎర్రగా మారుతుంది, రెండో రింగుకి పచ్చగా. మాటా లేదు, ఖర్చూ లేదు.

నెలాఖరుకి స్విచ్‌బోర్డు తీసేస్తారు. దాంతోపాటే భూలక్ష్మి కుర్చీ. ఈలోగా ఆఫీసు లైన్ల మీద ఎవరైనా సొంత ఫోన్లు మాట్లాడినట్టు తెలిస్తే నెలాఖరు దాకా కూడా ఆగేది లేదని, అది ఎవరికి చెప్పాలో వాళ్ళకేసి చూసి మరీ చెప్పాడు.

భూలక్ష్మి ఆ రోజు తల వంచుకుంది. ఎందుకంటే ఆమెకి రోజూ ఒక సొంత ఫోను వస్తుంది. మాట్లాడే ఫోను కాదు, మోగే ఫోను.

రెండేళ్ళ కిందట పాత యజమాని కాళ్ళావేళ్ళా పడి కేదార్‌ని ఈ కంపెనీలో పెట్టించినప్పుడు, కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. మధ్యాహ్నం అన్నం తినగానే అమ్మ లైనుకి ఒక్క రింగు ఇవ్వాలి. అప్పట్లో కేదార్ కిరాణా కొట్ల ముందుండే ఎర్రడబ్బా ఫోనులో రూపాయి వేసి, ఒక రింగు అయ్యాక పెట్టేసి, వెనక్కి రాలిన రూపాయి జేబులో వేసుకునేవాడు. చేతికి సెల్‌ఫోను వచ్చాక ఆ రూపాయి తిప్పలు తప్పాయి. రింగు మాత్రం తప్పలేదు. ఆ ఒక్క మోతలో ఆమెకి అన్నీ వినిపించేవి. తిన్నాడు, అంటే చేతులు బాగానే ఉన్నాయి. నంబరు నొక్కాడు, అంటే కళ్ళు బాగానే ఉన్నాయి. ఏ తాడూ తెగలేదు, లిఫ్టు పెట్టె ఏదీ వాడి మీద పడలేదు. ఆ రింగు వచ్చాకే తన డబ్బా మూత తీసేది.

ఇవాళ, సోమవారం, ఒకటీ ఇరవై రెండుకి వచ్చింది. గడియారం కేసే చూస్తోంది కాబట్టి నిమిషంతో సహా తెలుసు. బోర్డు మీద నలభై ఒకటితో ముగిసే తన లైను దీపం ఒకసారి వెలిగింది, ఒకసారి మోగింది, ఆరిపోయింది.

"తిన్నాడు," అంది భూలక్ష్మి. హెడ్‌ఫోను సుష్మితకి అప్పగించి, వరండాలోకి వెళ్ళి బీరకాయ కూర కలుపుకుని నాలుగు ముద్దలు తిని, డబ్బా కడుక్కుని చీర చెంగుతో తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి సుష్మిత ఎవరితోనో మాట్లాడుతోంది.

"లిఫ్టు కంపెనీ నుంచమ్మా. పని అయిపోయింది, ఫ్యూజు పెట్టుకోవచ్చు. వాచ్‌మన్ లేడా? నువ్వు ఆయన భార్యవా? ఆయన రాంగనే చెప్పు మరి. ఫ్యూజు పెట్టి మెయిన్ వెయ్యమను. ఆ, సరే."

"ఎవరమ్మా?" అంది భూలక్ష్మి, ఊరికే.

"వకుళా నివాస్. అమీర్‌పేటల, మైత్రీవనం వెనక గల్లీ. మీ కేదార్‌దే ఆంటీ. మస్తు జల్ది చేసిండు ఇయ్యాల."

కొడుకు పని త్వరగా చేశాడంటే ఏ తల్లికైనా సంతోషమే. భూలక్ష్మికి కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఆ వెంటనే పొద్దున సంచి సర్దుకుంటూ వాడన్న మాట గుర్తొచ్చింది. లిఫ్టు వచ్చి ఆగే చోట, అడుగున ఉండే గుంతలో స్ప్రింగులు తుప్పు పట్టాయమ్మా, వాన నీళ్ళు చేరాయి. నీళ్ళు తోడాలి, పాతవి కోసెయ్యాలి, కొత్తవి బిగించాలి. ఐదింటికైనా అయితే అయినట్టు. రాత్రికి కూర వద్దు, పచ్చడి చెయ్యి చాలు.

"ఎప్పుడొచ్చింది వాడి రెండో రింగు?"

సుష్మిత తెర కేసి చూసింది. కేదార్ పేరు పచ్చగా ఉంది. "ఒకటీ ఇరవై రెండు."

"అది నా లైనుకి కదా వచ్చింది. నలభై ఒకటికి. కంప్యూటరుది వేరే నంబరు కదా."

"వేరే ఏం లేదాంటీ. శనివారం సాయంత్రం నాలుగు లైన్లు ఒక్కతాన కలిపిన్రు. మీరు పోయినంక టెలిఫోన్ ఆయన వచ్చిండు. ఇప్పుడు ఏ లైనుకి కొట్టినా ముందు గీ కంప్యూటరే చూస్తది."

భూలక్ష్మి చేతిలోని డబ్బాని సుష్మిత కీబోర్డు మీదే పెట్టేసింది. మీటలు నొక్కుకుపోయి తెరమీద ఏవో అక్షరాలు పరిగెత్తాయి. సుష్మిత డబ్బా తీసి పక్కన పెట్టింది.

కేదార్ సెల్‌కి చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మోగుతుందని ఆమెకి తెలుసు, ఎత్తడని కూడా తెలుసు. గుంతలోకి దిగేటప్పుడు చొక్కా విప్పి మెట్ల పక్క చువ్వలకి తగిలిస్తాడు. సెల్ ఆ జేబులోనే. గుంతలో జారి నీళ్ళలో పడితే కంపెనీ వాళ్ళు జీతంలో పట్టుకుంటారు. తినడానికి పైకొచ్చాడు, తిన్నాడు, రింగు ఇచ్చాడు, దిగిపోయాడు.

ఫ్యూజు వాడి దగ్గర ఉండి ఉంటే ఈ భయమే లేదు. ఈ కంపెనీలో మొదటినుంచీ ఉన్న పద్ధతి అది. మెకానిక్కు లిఫ్టు కిందకి దిగే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి తన జేబులో వేసుకుంటాడు. ఫ్యూజు తన దగ్గరున్నంతసేపూ లిఫ్టుని ఎవడూ కదిలించలేడని ధీమా. కానీ ఆర్నెల్ల కిందట హనుమాండ్లు అనే పెద్ద మెకానిక్కు ఒక ఫ్యూజుని జేబులో మరిచిపోయి మూసాపేటలో తన ఇంటికి పట్టుకుపోయాడు. ఆ అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు పెళ్ళివారు సామానంతా మెట్ల మీద మోసుకుని, మర్నాడు వచ్చి, ఫ్యూజు బదులు తీగ ముక్క పెట్టుకున్నా నడిచేదట అని ఆఫీసులో కేకలు వేశారు. కృష్ణమోహన్ ఆ పద్ధతి తీసేశాడు. ఇప్పుడు ఫ్యూజు వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పని అయిందని రింగు రాగానే ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే వాచ్‌మన్ పెట్టేస్తాడు.

వకుళా నివాస్ వాచ్‌మన్ బల్ల మీది ఫోనుకి చేసింది. మోగుతోంది. ఎవరూ లేరు. ఇప్పుడే మాట్లాడిన మనిషి ఇంతలో ఎక్కడికి పోయిందో.

"హెడ్‌ఫోను పెట్టుకో," అంది సుష్మితతో. "ఈ రెండు నంబర్లకీ మార్చి మార్చి చేస్తూనే ఉండు. ఆపకు."

కృష్ణమోహన్ అద్దాల గది నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్లో భూలక్ష్మికి ఒక అబద్ధం తట్టింది. వాడే పొరపాటున రెండోసారి నొక్కానని కబురు చేశాడనొచ్చు. తన పేరు రాదు, వాడి ఉద్యోగం పోదు. కానీ ఆ కబురు ఏ ఫోనుకొచ్చింది, ఎవరు ఎత్తారు, ఎప్పుడు అని అడుగుతాడు ఈయన. ఒక్కో ప్రశ్నకి ఒక్కో నిమిషం. తలుపు తోసింది.

లోపల బేగంపేట నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఏసీలు బాగుచేసే కంపెనీ ఉందట. కృష్ణమోహన్ తన బల్ల మీది తెర వాళ్ళవైపు తిప్పి, ఎరుపూ పచ్చా పేర్లు చూపిస్తున్నాడు.

"ఒక్క మాట కూడా మాట్లాడకుండా పద్నాలుగు మందిని నడిపిస్తున్నామండీ. ఇదివరకు ఫోన్ ఎత్తితే ముందు వాళ్ళ కుశల ప్రశ్నలే పది నిమిషాలు," అంటూ తలెత్తి చూశాడు. "ఏంటి భూలక్ష్మిగారూ, తలుపు కొట్టి రావాలి కదా."

"వకుళా నివాస్‌లో ఫ్యూజు పెట్టొద్దని చెప్పాలి సార్. కేదార్ ఇంకా గుంతలోనే ఉన్నాడు."

ఆయన తెర కేసి చూశాడు. "పచ్చగా ఉందిగా. రెండు రింగులూ వచ్చాయి."

"రెండోది పని అయిందని కాదు సార్."

"మరి?"

ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఆమెనే చూస్తున్నారు.

"అన్నం తిన్నానని."

ఇద్దరిలో లావుపాటి ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఎవరైనా నవ్వే నవ్వే. రెండో ఆయన కూడా నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"ఎవరికి తిన్నానని?" అన్నాడు కృష్ణమోహన్.

"నాకు. రోజూ ఇస్తాడు సార్. రెండేళ్ళనుంచీ. ఇదివరకు నా లైనుకే వచ్చేది, ఎవరికీ పట్టేది కాదు. శనివారం లైన్లన్నీ కలిపారట. నాకు తెలీదు. తెలిసుంటే వాడికి చెప్పేదాన్ని. సొంత ఫోను తప్పే సార్, ఒప్పుకుంటున్నాను, ఈ సాయంత్రమే నన్ను తీసెయ్యండి. ముందు మనిషిని పంపండి."

కృష్ణమోహన్ కుర్చీలోంచి లేచాడు. అతను దుర్మార్గుడు కాడు. పిల్లలున్నవాడే. కానీ లేచినవాడు తలుపు వైపు రాలేదు, తెర వైపు వంగాడు. కేదార్ పేరు మీద ఏదో నొక్కి మళ్ళీ ఎర్రగా మార్చాలని చూశాడు. అది మారలేదు. పచ్చ నుంచి వెనక్కి ఎర్రకి వచ్చే దారి ఆ కంప్యూటర్లో ఎవరూ పెట్టలేదు.

"మార్చలేం," అన్నాడు తనలో తను.

"అక్కడ మారిస్తే ఏం లాభం సార్? అమీర్‌పేటలో మారాలి."

"వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యండి."

"చేస్తున్నాం. ఎత్తట్లేదు. ఇందాక ఆయన భార్య ఎత్తింది, మా సుష్మితే ఫ్యూజు పెట్టమని చెప్పేసింది. ఆ పిల్ల తప్పు కాదు, పచ్చగా ఉంటే చెప్పమన్నారు, చెప్పింది."

"మీరు నాకు ముందే చెప్పాల్సింది భూలక్ష్మిగారూ. ఇలా ఒక అలవాటు ఉందని."

"మీరూ నన్ను అడగాల్సింది సార్." ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. పదహారేళ్ళలో ఏ మేనేజరుతోనూ అలా అనలేదు. "ఎవరు ఎందుకు ఫోన్ చేస్తారో ఈ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు. పని అయిందని ఎవరన్నా అంటే, గుంతలోంచి పైకొచ్చావా, ఫ్యూజు ఎవరి దగ్గరుంది అని అడిగేదాన్ని. గొంతు ఆయాసంగా ఉంటే ఇంకా లోపలే ఉన్నావు కదరా, పైకొచ్చి మాట్లాడమనేదాన్ని. ఆ కుశల ప్రశ్నలు అవే సార్."

వరండాలో మోటారు ముందు చతికిలబడి గ్రీజు పూస్తున్న హనుమాండ్లు ఈ మాటలన్నీ విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరకొచ్చాడు.

"ఏమాయె అక్కా, పోరడు లోపల్నే ఉన్నడా?"

ఆమె తలూపింది.

"వాచ్‌మన్ చేతికి ఫ్యూజు ఇయ్యమన్ననాడే చెప్పిన సార్ మీకు," అన్నాడు కృష్ణమోహన్‌తో. కోపంగా కాదు. "నా జేబు మర్చిపోతది, నిజమే. గని నేను పానంతోని పైకొచ్చినంక కద మర్చిపోయింది." ఆ మాట అనేటప్పటికే స్కూటరు తాళాల కోసం చొక్కా తడుముకుంటున్నాడు. "జర ఫికర్ చెయ్యకు అక్కా. పది నిమిషాల్ల పోత. నువ్వు ఫోను మాత్రం ఇడువకు."

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు, కింద స్కూటరు రెండు తన్నులకి రాక మూడో తన్నుకి అందుకున్న చప్పుడు. భూలక్ష్మి కిటికీ దగ్గరకి పోయి చూడలేదు. పది నిమిషాలు. ఇక్కణ్ణుంచి అమీర్‌పేటకి ఎంత దూరం, మామూలుగా అయితే ఐదు నిమిషాలు. కానీ ఈ టైములో కోచింగ్ సెంటర్ల పిల్లలు ఒక బ్యాచ్ వదిలి ఒక బ్యాచ్ ఎక్కుతారు. ఒకళ్ళ చేతుల్లో పుస్తకాలు, ఒకళ్ళ చేతుల్లో మిరపకాయ బజ్జీలు, రోడ్డంతా వాళ్ళే. బస్సు కూడా వాళ్ళని దాటుకుని రాలేదు, స్కూటరేం పోతుంది.

సుష్మిత దగ్గర హెడ్‌ఫోను తీసుకుని చెవులకి తగిలించుకుంది.

చెవిలో కేదార్ సెల్ మోగుతోంది. ఆ సెల్ చువ్వలకి తగిలించిన చొక్కా జేబులో ఎలా అదురుతోందో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. ఆ చొక్కా కింద, చీకట్లో, మోకాలిలోతు నీళ్ళలో వంగి వీపు పైకి పెట్టిన పిల్లవాడు. ఆ వీపు పైన లిఫ్టు. రంపం చప్పుడులో వాడికి ఏమీ వినపడదు. మెయిన్ వేసిన చప్పుడు వినపడదు. పైన ఎవరో బొత్తాం నొక్కిన చప్పుడు వినపడదు.

తను ఒట్టు వేయించుకోకపోతే. తను ఒక్క పూట వాడు తిన్నాడో లేదో అనకుండా ఉండగలిగితే. వాడు తినకపోతే ఏమయ్యేది, సాయంత్రం ఇంటికొచ్చి తినేవాడు. వాడి మేలు కోరి వాడి నెత్తిమీదకి తనే తెచ్చిందా ఇది. ఈ ఆలోచన ఆమెని పట్టుకుని వదల్లేదు, పక్కకి తోద్దామంటే ఇంకో పక్కనుంచి వచ్చింది.

సెల్ ఆగిపోయింది. వాచ్‌మన్ బల్లకి చేసింది. ట్రింగ్ ట్రింగ్ మని రెండు, ఒక ఖాళీ. రెండు, ఒక ఖాళీ. లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర మానేసింది.

కృష్ణమోహన్ అతిథులని పంపేసి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. సుష్మిత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర కేసి చూడకుండా గోడ కేసి చూస్తోంది. మిగిలిన లైన్ల దీపాలు వెలిగి ఆరుతున్నాయి. ఎవరో మెకానిక్కు ఎక్కడికో చేరాడు, ఇంకెవరిదో పని అయింది. తెరమీద పేర్లు ఎర్రబడుతున్నాయి, పచ్చబడుతున్నాయి. వాటిని ఎవరూ చూడట్లేదు.

రెండు, ఒక ఖాళీ. రెండు, ఒక ఖాళీ.

ఎవరో ఎత్తారు.

ఒక ఆడమనిషి రొప్పు.

"ఎవరు?"

"అమ్మా, లిఫ్టు కంపెనీ నుంచి," అంది భూలక్ష్మి. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "నువ్వు వాచ్‌మన్ భార్యవేనా? ఫ్యూజు పెట్టారా?"

"నేను చిలకమ్మనమ్మా. లిఫ్టు పని అయిందని మూడో అంతస్తు వాళ్ళకు చెప్పి ఆడ్నే గిన్నెలు తోముతున్న, ఫోను మోగుతున్నదని మెట్లు దిగి ఉరికొచ్చిన. ఫ్యూజా? లేదమ్మా. మా ఆయన కరెంటు బిల్లు కట్టనీకి పోయిండు. గవన్నీ నాకు తెల్వయి, ఆయన వచ్చినంక పెడ్తడని నా కొంగున్నే ముడేసుకున్న."

"ముడి విప్పి చూడు. చేత్తో పట్టుకుని చెప్పు."

"ఇగో, చేతుల్నే ఉన్నది."

భూలక్ష్మి బల్ల మీద తల ఆనించింది. వెనకనుంచి కృష్ణమోహన్ ఊపిరి వదలడం వినపడింది. సుష్మిత ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ ఫ్యూజు ఎవరికీ ఇవ్వకు తల్లీ, దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు, అందామని నోరు తెరిచింది.

ఆ ఫోనులోంచి సన్నగా, దూరంగా, ఒక మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది.

"చిలకమ్మా? ఉన్నావా?"

చప్పుడు మాత్రం ఉంది. భూలక్ష్మి తల ఎత్తింది. ఆమె ఆ చప్పుడుని పదహారేళ్ళుగా ఫోన్లలో వింటోంది.

ఫోనులో చిలకమ్మ గొంతు వచ్చింది.

"ఫ్యూజు నా చేతుల్నే ఉన్నది కదమ్మా," అంది, మెల్లగా, తనకే అర్థం కానట్టు. "మరి గా లిఫ్టు ఎట్ల కిందికి దిగుతున్నది?"